సముద్రం ఒడ్డున చారు పోపు

అండమాన్ దాకా విమానమెక్కి వెళ్లి, అక్కడ పెళ్లాం చేత చారు పెట్టించుకుని తిరిగొచ్చిన మగాడు హైదరాబాదు మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇంకెవరైనా ఉన్నా దయచేసి నాకు చెప్పకండి. తోడు దొరికిందన్న ఊరట కూడా నాకు దక్కకూడదు, అంత పని చేశాను. ఎలా చేశానో చెబుతాను, నవ్వుకోండి. నవ్వడం అయ్యాక నాలుగు తిట్టి మరీ వెళ్లండి, మొహమాటపడొద్దు.

మేముండేది అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశాన్ని కనబడనివ్వని ఒక సందులో. నా ఆఫీసు పంజాగుట్టలో. మా ఆవిడ సుజాత ఎర్రమంజిల్లో ఒక ప్రభుత్వాఫీసులో పనిచేస్తుంది. పొద్దున్నే లేచి టిఫిను, ఇద్దరికీ రెండు బాక్సులు, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే మళ్లీ కూర, చారు. మరి నేనేం చేస్తానంటారా? పెరుగు ప్యాకెట్ తెస్తాను. ఇంటి పనిలో సాయం చేస్తానని నలుగురిలో చెప్పుకుంటాను కూడా.

ఒకరోజు సాయంత్రం సుజాత వంటింట్లోంచి చేతిలో గరిటెతోనే వచ్చి నా ముందు నిలబడింది.

"ఏవండీ, నాకు చీరలొద్దు, నగలొద్దు. ఒక్కసారి ఏదైనా ద్వీపానికి తీసుకెళ్లండి. పొద్దున కళ్లు తెరవగానే కిటికీలో సముద్రం కనబడాలి. అక్కడున్నన్నాళ్లూ నేను స్టౌ మొహం చూడకూడదు. ఎవరో వండిపెడితే నేను కూర్చుని తినాలి. అంతే."

"ఓస్, ఇంతేనా!" అన్నాను.

ఆమె అడిగింది నాకు స్పష్టంగా వినబడింది. నా చెవులకే జబ్బూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీరు నా తరఫున సాకులు వెతికే శ్రమ తప్పుతుంది.

మర్నాడే మా సందు చివర ట్రావెల్స్ కొట్టు పెట్టుకున్న యాదగిరి దగ్గరికి వెళ్లాను. అతను కంప్యూటర్లో రెండు రిసార్టులు చూపించాడు. మొదటిది కొబ్బరిచెట్ల మధ్య కర్రతో కట్టిన చిన్న చిన్న ఇళ్లు. మెట్టు దిగితే ఇసుక, నాలుగడుగులేస్తే నీళ్లు. రెండోది రోడ్డుకి ఇవతల పెద్ద మేడ.

"కండ్లు మూస్కోని మొదటిది తీస్కో సార్," అన్నాడు యాదగిరి. "మేడమ్ మస్తు ఖుష్ అయితరు. పొద్దుగాల లేస్తే కిటికీల సముద్రమే ఉంటది."

"రెండోది బాగుండదా?"

"అది సుత మంచిగనే ఉంటది. కానీ మీరు పోయేది సముద్రం కోసమా, గోడల కోసమా సార్?"

ఇంత సూటిగా చెబితే ఎవరైనా ఏం చేస్తారు? డబ్బు కట్టి ఇంటికెళ్తారు. నేను మాత్రం కుర్చీలో వెనక్కి వాలి కళ్లు చిట్లించాను. ఇంత గట్టిగా చెబుతున్నాడంటే వీడికి మొదటిదాంట్లోనే కమిషన్ ఎక్కువన్నమాట అనుకున్నాను. నా తెలివికి నాకే ముద్దొచ్చింది. "ఆలోచించి చెబుతా యాదగిరీ" అని లేచాను.

ఆలోచన ఆఫీసులో మూర్తిగారితో మొదలైంది. మూర్తిగారిది మా భీమవరం వైపే. పక్క సీటు ఆయనది. ఆ మధ్యే ఆయన కుటుంబంతో ఏదో విదేశీ ద్వీపం వెళ్లొచ్చారు. పంజాగుట్టలో టీ తాగుతూ నా సంగతి చెప్పగానే ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

"ఏంటి ప్రసాద్ గారూ, అంత ధైర్యం చేస్తున్నారు? అక్కడ అన్నం దొరుకుతుందో లేదో కనుక్కున్నారా?"

"రిసార్ట్ కదండీ, ఏదో ఒకటి పెడతారుగా."

"ఏదో ఒకటి అంటే ఏంటనుకున్నారు? ఉడకబెట్టిన చేప, దానిమీద నిమ్మకాయ ముక్క! మూడో రోజుకి నా కల్లోకి గోంగూర వచ్చిందండీ. కూర్చుని ఏడ్చాను."

అంత పెద్దాయనే ఏడ్చారంటే ఇక నేనెంత! ఆ రాత్రి ఫోన్లో మొదటి రిసార్ట్ గురించి జనం రాసినవి చదవడం మొదలుపెట్టాను. సముద్రం అద్భుతం, ఇసుక వెన్నెల, మనుషులు బంగారం అని వందమంది రాశారు. నేనవేవీ పట్టించుకోలేదు. ఎవరో మనవాడే ఒకాయన "పెరుగు పుల్లగా లేదు" అని రాశాడు. చాలు, ఆ రిసార్ట్ పేరు కొట్టేశాను. ఆ పెరుగు పుల్లగా లేని ద్వీపంలో నేను చిక్కిపోయి, సుజాత నన్ను మోసుకొస్తున్నట్టు కూడా ఊహించుకున్నాను.

ఇక రెండో రిసార్ట్ వైపు చూద్దును కదా, ప్రతి గదికీ చిన్న వంటగది ఉందట! స్టౌ, గిన్నెలు, ఫ్రిజ్, అన్నీ. ఆనందంతో మంచం మీదే లేచి కూర్చున్నాను.

మరి సుజాత అడిగిందేమిటి అంటారా? ఆ ప్రశ్న నాకూ వచ్చింది. దానికి నా దగ్గర గొప్ప జవాబుంది. కుక్కర్లో గ్లాసు బియ్యం పడేయడాన్ని వంట అంటారా? పొడులు, ఆవకాయ మనమే తీసుకెళ్తాం. అన్నం దానంతటదే ఉడుకుతుంది. ఇందులో సుజాత స్టౌ మొహం చూడాల్సిన పనేముంది? మహా అయితే ఓరకంట చూస్తుంది. ఈ వాదన విన్న జడ్జి ఎవరో కాదు, నేనే. కేసు వెంటనే గెలిచాను.

యాదగిరికి రెండోదే ఖాయం చెయ్యమన్నాను. "మీ ఇష్టం సార్, మళ్ల నన్ను అనొద్దు," అన్నాడు. ఇంట్లో మాత్రం ఏ రిసార్టో చెప్పకుండా "సర్‌ప్రైజ్" అన్నాను. పాపం సుజాత ఎంత మురిసిపోయిందో! టోపీ కొనుక్కుంది. ఇసుకలో నడవడానికి చెప్పులు కొనుక్కుంది. నేను పెట్టె సర్దుతుంటే వచ్చి చూసింది.

"బియ్యం ఎందుకండీ?"

"జాగ్రత్తకి."

"కందిపొడి, చింతపండు, ఇంగువ కూడా జాగ్రత్తకేనా?"

"ఊరుకాని ఊరు. ఏమవసరమొస్తుందో!" అన్నాను, పెద్ద నావికుడిలా.

ద్వీపంలో దిగి జీపెక్కాం. దారిలో కొబ్బరిచెట్ల మధ్య ఆ కర్ర ఇళ్లు కనిపించాయి. వాటి వెనక నీలంగా, పచ్చగా, ఏ రంగో చెప్పలేని నీళ్లు. సుజాత నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఇదేనా? ఇదే కదూ?" అంది. నేను "మనది దీనికంటే బాగుంటుంది చూడు" అన్నాను. జీపు ఆగకుండా ముందుకెళ్లింది. ఆమె మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉంది. ఆ మెడ తిప్పడం ఇప్పుడు తలుచుకున్నా నాకు సిగ్గేస్తుంది.

గదిలోకి అడుగు పెట్టగానే నేను పరుగున వెళ్లి వంటగది తలుపు తీసి "ఎలా ఉంది?" అన్నాను. ఆమె స్టౌను చూసింది. తర్వాత నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. కిటికీ దగ్గరికెళ్లి రెక్క తీసింది. బయట పెరట్లో తీగల మీద రిసార్టు వాళ్లు ఉతికి ఆరేసిన దుప్పట్లు గాలికి ఊగుతున్నాయి.

"అలలు అనుకుంటే సరి," అంది.

అప్పుడైనా వెళ్లి యాదగిరికి ఫోన్ చేసి గది మార్పించుకోవాలి కదా? నాకు ఆకలేసింది.

మొదటి పూట అన్నం, కందిపొడితో సరిపోయింది. రెండో పూటకి నా నాలుక లేచింది. "సుజా, చారు చుక్క ఉంటే ఎంత బాగుండు!" అన్నాను, ఎవరినీ అడగనట్టు గాలిలోకి. ఆమె లేచి చింతపండు నానేసింది. కాసేపటికి ఇంగువ పోపు వేసింది. ఆ ఘుమఘుమ వరండా దాటిందో లేదో, మా తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఏంటండీ, ఇంగువ వాసన! మనవాళ్లేనా?"

పక్క గది రాఘవరావు గారు. వెనకాలే ఆయన భార్య, అత్తగారు.

"మనవాళ్లే! మాది అమీర్‌పేట," అన్నాను.

"అరె, మాది పంజాగుట్టండీ!"

ఒక్క మెట్రో స్టేషన్ దూరంలో ఇన్నేళ్లూ ఒకరినొకరు చూడకుండా బతికిన మనుషులం, సముద్రాలు దాటొచ్చి కావలించుకున్నంత పని చేశాం. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. భోజనం వేళకి గుమ్మంలోకొచ్చిన మనిషితో మా ఇళ్లల్లో తరతరాలుగా ఆలోచించకుండా అనేసే మాట.

"రండి రండి, భోంచేసి వెళ్లండి! మా ఆవిడ చారు పెడితే తిరుగుండదు!"

"ఎందుకండీ ఆవిడకి శ్రమ?" అన్నారు రాఘవరావు గారు, చెప్పులు విడుస్తూ.

"శ్రమేముందండీ!" అన్నాను నేను. గమనించారా, నేనే అన్నాను.

ఆ పూటతో ఆగితే బాగుండేది. మర్నాడు వాళ్లు "మీ రుణం ఉంచుకోం" అని మార్కెట్‌కి వెళ్లి కూరగాయలు తెచ్చారు. తెచ్చినవి సుజాత చేతికిచ్చారు. ఆమె వంకాయ కూర చేసింది. అత్తగారికి పచ్చిమిర్చి పడదని విడిగా పప్పు చేసింది. మేం ఆహా ఓహో అంటూ తిని, నేనూ రాఘవరావు గారి కుటుంబమూ సముద్రానికి వెళ్లాం. పడవెక్కాం. ఇసుకలో పడుకున్నాం. "మీ ఆవిడ రాలేదే?" అని ఆయన అడిగితే "తనకి ఎండ పడదండీ" అన్నాను. టోపీ కొనుక్కున్న మనిషి గురించి అన్నమాట!

ఆ ద్వీపంలో పొద్దు మనకంటే చాలా ముందే కుంకుతుంది. టీ వేళకే సూర్యుడు నీళ్లలోకి దిగిపోతాడు. ఆ సంగతి నేను చూశాను, సుజాతకి తెలియదు. సాయంత్రం ఆమె చేతులు కడుక్కుని, కొత్త చెప్పులేసుకుని, "ఇప్పుడు వెళ్దామా?" అని బయటికొచ్చేసరికి చీకటి. అలల చప్పుడు వినిపిస్తోంది, అంతే. ఆమె కాసేపు రోడ్డు మీదే నిలబడి విని, లోపలికెళ్లిపోయింది.

చివరిరోజు నాకు కొంచెం బుద్ధొచ్చింది. "పద సుజా, అన్నీ వదిలేసి సముద్రానికెళ్దాం," అన్నాను.

"గిన్నెలున్నాయి. తోమకుండా వదిలేస్తే బాగోదు. మీరు వెళ్లండి," అంది.

చేతిలోంచి గిన్నె లాక్కోవాలి. లేదా పక్కన నిలబడి తోమాలి. ఇంత రాసిన నాకు ఆ రోజు ఆ రెండూ తోచలేదు. వెళ్లండి అందని వెళ్లాను. అవునండీ, వెళ్లాను. రాఘవరావు గారు నన్ను రకరకాలుగా నిలబెట్టి ఫొటోలు కూడా తీశారు.

హైదరాబాదు వచ్చాక ఒక ఆదివారం మా పై ఫ్లోరు పద్మక్క కరివేపాకు కోసం వచ్చింది. నన్ను అన్నా అంటుంది, సుజాతని వదినా అంటుంది. కరివేపాకుతో పంపేస్తే పోయేది కదా, నేను గొప్పకి ఫోన్ తీసి ఫొటోలు చూపించాను. సముద్రం ముందు నేను, పడవలో నేను, కొబ్బరిచెట్టు పట్టుకుని నేను, ఇసుకలో పడుకుని నేను. పద్మక్క ఒక్కొక్కటీ జరుపుతూ మొత్తం చూసింది. మళ్లీ మొదటికొచ్చి, ఇంకోసారి చూసింది.

"మస్తుంది అన్నా. కానీ గిదేంది, మీరు ఒక్కరే పోయిండ్రా? వదినని తీస్కపోలేదా?"

ఫోన్ లాక్కుని నేనూ వెతికాను. అన్ని ఫొటోల్లో ఎక్కడో ఒకచోట, మూలనైనా, వెనకనుంచైనా సుజాత ఉంటుందనుకున్నాను. లేదు. రాఘవరావు గారి అత్తగారు కూడా ఒక మూలన ఉన్నారు.

కరివేపాకు రెబ్బలు తెచ్చి పద్మక్క చేతిలో పెడుతూ సుజాత నవ్వింది. "నేను వెళ్లలేదు పద్మక్కా. ఈయనొక్కరే వెళ్లొచ్చారు," అంది. పద్మక్క "గట్లనా!" అని మెట్లెక్కింది. నన్నెవరూ తిట్టకపోవడం అంత బాధగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

అందుచేత ఆ సాయంత్రం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, సుజాతని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిటారుగా నిలబడి ప్రమాణం చేశాను. "శ్రీమతి సుజాత గారి సమక్షంలో వంగల ప్రసాదు అనే నేను చెప్పునదేమనగా, ఇకమీదట ఏ ద్వీపానికైనా, ఏ రిసార్టుకైనా, ఎంపిక పూర్తిగా ఆవిడదే. అన్నం దొరక్కపోతే పస్తుంటాను. పెరుగు తియ్యగా ఉంటే తియ్యగానే తింటాను. గుమ్మంలోకి ఎంతటివారొచ్చినా భోంచేసి వెళ్లమని అనను. ఈ మాట తప్పితే నన్ను ఆ సముద్రంలోనే వదిలి రావచ్చును."

సుజాత మొత్తం శ్రద్ధగా వింది.

"చాలా బాగుందండీ," అంది. "అయితే ఈసారి నన్ను కూడా తీసుకెళ్తారా?"