పొలమారని మూడు నెలలు

కెనడాలో కేంబ్రిడ్జ్ నుంచి ఓక్‌విల్‌కి కారుంటే గంటలోపు ప్రయాణం. కారు లేని నాలాంటి స్టూడెంట్‌కి ఆదివారం పూట రెండు బస్సులు, ఒక రైలు. ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే ముందే చెబుతున్నాను, పొద్దున ఎనిమిదింటి బస్సు తప్పితే చలిలో నిలబడాల్సిందే. స్టాపులో అద్దాల గూడు ఉంది గానీ దానికి మూడు వైపులే అద్దాలు. గాలి ఎప్పుడూ నాలుగో వైపు నుంచే వస్తుంది.

నాది కరీంనగర్. హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ చదివి, అక్కడే ఒక ఆసుపత్రిలో పనిచేస్తూ, అందరూ కెనడా కెనడా అంటుంటే నేనూ అప్లై చేసి వచ్చి పడ్డాను. ఇక్కడ కాలేజీలో వేరే కోర్సు, మిగతా రోజుల్లో వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు. లైసెన్సు లేదు కాబట్టి వైద్యం చేయకూడదు. కొలవడానికి మాత్రం లైసెన్సు అక్కర్లేదని భాస్కర్ అంకుల్ తేల్చేశారు.

అంకుల్‌ది కాకినాడ. న్యూజెర్సీ మీదుగా వచ్చి ఓక్‌విల్‌లో స్థిరపడిన సాఫ్ట్‌వేర్ టెస్టర్. నిరుడు ఆయనకు మోటార్ న్యూరాన్ జబ్బని చెప్పారు. కండరాలకు కబురు మోసే నరాలు ఒక్కొక్కటే పని మానేసే జబ్బు అది. చేతుల్లో మొదలై గొంతు దాకా పాకింది. ఇక్కడి మాత్రలు వాడుతుండగానే ఆయన భార్య వసంత ఆంటీ పట్టుబట్టి, రాజమండ్రి వైద్యుడి దగ్గర నుంచి చూర్ణం, కషాయం, తైలం తెప్పించారు. క్లినిక్ వాళ్ళకూ ఆ సంగతి చెప్పారు.

టెస్టర్ బుద్ధి ఊరుకుంటుందా? మొదలుపెట్టేటప్పుడే, మూడు నెలల్లో ఒక నెల ఆ మందు పూర్తిగా ఆపేస్తానన్నారు అంకుల్. "ఏ నెలో నీకు చెప్పను. తెలిస్తే నీ కళ్ళే నిన్ను మోసం చేస్తాయి" అన్నారు. కొలిచే మనిషి కావాలని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆంటీ అడిగితే, ఊరికే ఉండలేక నేను చెయ్యెత్తాను.

ఈ ఆదివారం ఆఖరి కొలత. మంగళవారం క్లినిక్‌లో అంకుల్ ఒక మాట చెప్పాలి. పొట్టలోకి నేరుగా ఆహారం పంపే గొట్టం వేయించుకుంటారా, లేదా? ఊపిరి బలంగా ఉన్నప్పుడే వేయించుకోవాలట, ఆలస్యమైతే ప్రమాదం. మందు పనిచేస్తుంటే కోత ఎందుకని ఆంటీ. కొలతలు చూశాకే చెబుతానని అంకుల్.

బస్సులో నా పక్క సీటు అమ్మాయిది వరంగల్. ఒళ్ళో రైస్ కుక్కర్ పెట్టుకుని, అద్దెకుండే బేస్‌మెంట్ మారుతోంది.

"ఆదివారం గూడ డ్యూటీనా అక్కా?"

సంగతి చెప్పాను. ఆమె కుక్కర్ మూత మీద వేళ్ళు ఆడిస్తూ విన్నది. "మా తాతకు పక్షవాతమొస్తే నాటుమందు ఇచ్చిండ్రు. మందుకు ఏం అనలే గానీ, పథ్యానికి ఏడ్చిండు పాపం" అంది. నవ్వుకుని ఊరుకున్నాను.

మిస్సిసాగాలో దిగి ఒక కాఫీ తాగాను. అక్కడి నుంచి సిటీ బస్సులో క్లార్క్‌సన్, క్లార్క్‌సన్ నుంచి రైల్లో ఒక్క స్టేషన్. అన్నిటికీ ఒకటే కార్డు, అందులో డబ్బుందో లేదో చూసుకుని బయల్దేరండి. స్టేషన్ నుంచి నడిచి వాళ్ళింటికి చేరేసరికి పదకొండు దాటింది. తలుపు తీయగానే తైలం వాసన, దాని వెనకే పోపు వాసన.

"రామ్మా. బూట్లు అక్కడ విప్పు, మంచుకి చల్లిన ఉప్పంతా లోపలికొస్తుంది" అన్నారు ఆంటీ.

అంకుల్ చేతి పట్టు చూశాను. పిక్కలు పట్టేయడం, తినేటప్పుడు పొలమారడం ఎన్నిసార్లో అడిగాను. చివరగా ఊపిరి. నిండా గాలి పీల్చుకుని, ఆ ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో చూడాలి. మొదటిసారి ఇరవై రెండు దాకా వెళ్ళారు.

"ఒకటి, రెండు, మూడు..." అంకుల్ మొదలుపెట్టారు. మాట నానిన అప్పడంలా మెత్తబడింది. ఎదురుగా ఆంటీ పెదవులు కూడా కదులుతున్నాయి. పద్నాలుగు దగ్గర ఆయన ఆగిపోయారు. ఆంటీ పెదవులు పదిహేను అని, అప్పుడు ఆగాయి.

అప్పుడు అంకుల్ గుట్టు విప్పారు. మందు ఆపింది నడిమి నెలలో. మూడు నెలల కొలతలూ పక్కపక్కన పెట్టుకుంటే నా బుర్ర మొద్దుబారిపోయింది. ఊపిరి లెక్క మూడు నెలలూ దిగుతూనే ఉంది. పొలమారడమేమో మొదటి నెలలోనే దాదాపు ఆగిపోయి, మందు లేని నెలలో కూడా ఆగే ఉంది. ఒకే జబ్బు ఒక వైపు పెరిగి ఇంకో వైపు తగ్గుతుందా?

"చూశావా, మందు ఒంటికి పట్టేసింది. ఆపినా పనిచేసింది" అన్నారు ఆంటీ.

"మందు లేకపోయినా... అదే రిజల్ట్ అంటే... మందు దండగ" అన్నారు అంకుల్ ఊపిరి కూడదీసుకుంటూ. "పూర్వం రోజుకి పదిమంది... తలుచుకునేవారు. ఇప్పుడు... ఒక్కడూ తలుచుకోడు."

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టే అలవాటు గుర్తొచ్చి నవ్వబోయాను. ఆంటీ నవ్వలేదు. ఇద్దరూ తీర్పు కోసం నా వైపు చూస్తున్నారు. నాకేమో ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది.

భోజనానికి కూర్చున్నాం. నాకు ముద్దపప్పు, దొండకాయ వేపుడు, ఆంటీ చేత్తో పెట్టిన ఆవకాయ. అంకుల్‌కి గిన్నెలో గుజ్జుగా పిసికిన అన్నం, పెసరకట్టు, గ్లాసులో నీళ్ళకు బదులు బార్లీ గంజి. ఆంటీ స్పూనుతో పెడుతుంటే ఆయన కళ్ళు మాత్రం ఆవకాయ సీసా మీదే ఉన్నాయి. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. ఈ ఇంట్లో రోగి కోరింది ఆవకాయ, వైద్యుడు చెప్పింది జావ. అప్పుడు గుర్తొచ్చాడు వరంగల్ అమ్మాయి తాత.

"ఆంటీ, ఈ పథ్యం ఎప్పటి నుంచి?"

"మందు మొదలెట్టిన రోజు నుంచీ."

"మందు ఆపిన నెలలో?"

"అయ్యో, మందు ఆపితే పథ్యం ఆపుతారా ఎవరైనా! గట్టి పదార్థం లేదు, పచ్చినీళ్ళు లేవు. గీత దాటితే ఒట్టు."

అంకుల్ భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు. "క్లినిక్‌లో డైటీషియన్... ఇదే చెప్పింది. మెత్తగా... చిక్కగా పెట్టమని. పసిపిల్లల తిండని... ఈవిడ... వినలేదు."

గొంతు బలహీనమైతే పల్చటి నీళ్ళు, పొడి పదార్థాలే ఎక్కువ పొలమారతాయి. మూడు నెలలూ మారనిది పథ్యం ఒక్కటే. నాకు తోచింది ఇదని, వైద్యం చెప్పే అధికారం నాకు లేదని అంటూనే చెప్పాను.

ఆంటీ స్పూను గిన్నెలో పెట్టేశారు. "అంటే నేను వండిందే మందంటావా?"

"పొలమారకపోవడానికి అదే అనుకుంటున్నాను. ఊపిరి తగ్గడాన్ని మాత్రం అది ఆపలేదు ఆంటీ."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని అనిపించింది, అనకుండా వచ్చేస్తే తప్పనీ అనిపించింది. ఆంటీ లేచి సింకు దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. కుళాయి తిప్పి, "గొట్టం వేస్తే ఇంక నోరు కట్టేసినట్టే కదా" అన్నారు.

"అలా ఏం లేదు. మింగగలిగినంత కాలం రుచికి కాస్త పెట్టనిస్తారు. ఏది, ఎంత అన్నది మంగళవారం వాళ్ళనే అడగండి."

మూడింటి రైలుకి నేను బయల్దేరుతుంటే ఆంటీ ఆవకాయ సీసా సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. "తీసుకుపో. ఇంట్లో ఉంటే ఈయన చూపు దీని మీదే." కోపమో, బాధో, ఆ గొంతులో నాకు పోల్చుకోవడం చేతకాలేదు. మొహం మాత్రం చూడలేకపోయాను.

మిస్సిసాగాలో కేంబ్రిడ్జ్ బస్సెక్కి కూర్చున్నాక లెక్కలన్నీ మళ్ళీ తిరగేశాను. పిక్కలు పట్టేయడం మందు లేని నెలలోనే ఎక్కువ. అది తైలం గొప్పా? తైలం మానేసిన నెలలో ఆంటీ ఆయన కాళ్ళు రుద్దడమూ మానేశారట. అయితే తైలానిదా గుణం, ఆ చేతులదా? ఏ దారిన వెళ్ళినా మొదటికే వస్తున్నాను. మందు పనిచేసిందా అని ఎవరైనా అడిగితే నిజంగా నాకు తెలియదు.

బస్సు హైవే ఎక్కాక ఫోన్ మోగింది. ఆంటీ. "అంకుల్ మాట్లాడతారట" అన్నారు.

ఊపిరి వినిపించింది ముందు, తర్వాత మాట. "మంగళవారం... సరే అంటున్నా." గాలి పీల్చుకుని, "ఆ సీసా... ఖాళీ చెయ్యకు. వాళ్ళు ఒప్పుకుంటే... గోరంత... నాలిక్కి రాసుకుంటా."

ఆంటీ ఫోన్ అందుకున్నారు. "పథ్యం మాత్రం నేను మాననమ్మా" అన్నారు, ముక్కు ఎగబీలుస్తూ.

నాకు కళ్ళు మసకబారాయి. నూనె ఒలకకుండా సీసాను సంచిలోంచి తీసి ఒళ్ళో నిలబెట్టుకున్నాను. ముందు సీట్లో వేర్‌హౌస్ జాకెట్ వేసుకున్న కుర్రాడు వాసన పట్టి వెనక్కి తిరిగాడు.

"ఆవకాయేనా అక్కా? మా రూములో అయిపోయి నెలైంది. కొంచెం పెట్టవా?"

ఈ దేశంలో తెలుగు పిల్లలెవరైనా పచ్చడి అడిగితే నేను ఏనాడూ లేదనలేదు.

"ఇది నాది కాదు తమ్ముడూ," అన్నాను, "తిరిగి ఇచ్చేయాలి."