పడవపాటలో రెండో గొంతు

హన్మమ్మ ఏడో తరగతితో బడి మానేసి, అయిజ దగ్గర దేవరాజు విత్తనపత్తి చేనులో క్రాసింగు పనికి కుదిరింది. సాయంత్రం మొగ్గలను ఒలిచి పుప్పొడి తీసేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి వాటికి మెల్లగా తాకించాలి. చెయ్యి వణికితే పువ్వు విరిగిపోతుంది. అందుకే పెద్దల మొద్దువేళ్లు వద్దని పిల్లలనే పెట్టుకునేవాళ్లు. పిల్లలు విసుగెత్తి పోకుండా దేవరాజు గట్టు మీద టేప్‌రికార్డర్ పెట్టించాడు. రోజుకొకరు తమకు నచ్చిన క్యాసెట్ వేసుకోవచ్చు.

మగపిల్లలకు డప్పు దద్దరిల్లాలి. హన్మమ్మకూ, పక్క సాలులో పనిచేసే జమ్ములమ్మకూ మాత్రం పడవపాట ఇష్టం. అందులో పడవ నడిపే అతను నీళ్ల మీద ఒక చరణం పాడితే ఒడ్డు నుంచి ఒకామె ఇంకో చరణం పాడుతుంది. పదిమందిలో నోరు విప్పని హన్మమ్మ మొక్కల చాటున అతని చరణం అందుకునేది. ఆమె చరణం జమ్ములమ్మది. రోజు మొత్తంలో హన్మమ్మ గొంతు పైకి లేచేది అప్పుడే.

ఆ ఏడు జమ్ములమ్మ నడుము నొప్పికని కల్లు మొదలుపెట్టింది. అది ఉట్టి కల్లు కాదు, మత్తుమందు కలిపింది.

“జర తాగి చూడవే. నడుము ఉందో లేదో తెల్వదు.”

“నాకొద్దు.”

“అబ్బో, టీచరమ్మ! సదివింది ఏడే గద!”

ఒకరోజు ఆబ్కారీవాళ్లు వచ్చి ఊళ్లో కల్లు దుకాణానికి తాళం వేశారు. మర్నాటికి జమ్ములమ్మ చేతులు వణకడం మొదలైంది. పట్టిన ప్రతి పువ్వూ విరిగింది.

“సాలంత ఖరాబు చేసినవ్. గిట్లనే ఉంటే ఇంటికాడ కూసో,” అన్నాడు దేవరాజు.

“పక్కూర్ల దుకాణం తెరిసే ఉందంట. ఒక్క సీసా తేవే, నీ కాళ్లు మొక్కుత,” అంది జమ్ములమ్మ.

“తేను. జర ఓపిక పట్టు. నీ సాలు గూడ నేనే జేస్త.”

రెండు రోజులు రెండు సాళ్లూ హన్మమ్మే చేసింది. వేళ్లు పసుపెక్కి పగిలాయి. మూడోరోజు జమ్ములమ్మ సగం రొట్టె తిన్నది. వణుకు కొంచెం తగ్గింది. మధ్యాహ్నానికి చిన్నగా కూనిరాగం కూడా తీసింది. ఇంకొక్క నాలుగు రోజులు గడిస్తే చాలనుకుంది హన్మమ్మ.

ఆ సాయంత్రమే దేవరాజు బండి మీద సంచి నిండా సీసాలు తెచ్చాడు. వణికే చేతులు జమ్ములమ్మ ఒక్కదానివే కావు, చేనులో సగం మందివి.

“పువ్వు మన కోసం ఆగుతదా? తాగి పని జెయ్యుండ్రి.”

హన్మమ్మ సాలులోంచి బయటికి వచ్చింది. “జమ్ములమ్మకియ్యకు, అన్నా. ఇయ్యాల జర మంచిగున్నది.”

చేనంతా గొల్లున నవ్వింది. “మూగదానికి మాటలొచ్చినయిరో!”

జమ్ములమ్మ ఆమె వైపు చూడలేదు. సీసా కోసం చెయ్యి చాపింది. మర్నాటి నుంచి అవతలి గట్టు పక్క సాలుకు మారింది.

వారం తర్వాత క్యాసెట్ వంతు హన్మమ్మకు వచ్చింది. పడవపాట పెట్టింది. పల్లవి పూర్తికాకముందే అవతలి నుంచి జమ్ములమ్మ గొంతు వినిపించింది.

“తియ్యవే ఆ ఏడుపు పాట! నిద్రొస్తుంది.”

హన్మమ్మ గట్టెక్కి క్యాసెట్ తీసేసి డప్పుది వేసింది. మళ్లీ సాలులోకి దిగి, ఆ మోత కింద ఎవరికీ వినబడకుండా అతని చరణం పాడుకుంది. చరణం చివర, మగపువ్వు చేతిలోనే పట్టుకుని, జమ్ములమ్మ చరణం పాడేంతసేపు ఆగింది. తర్వాత దాన్ని ముందున్న పువ్వుకు తాకించి, పక్క మొక్కకు జరిగింది.