ఎప్పటికక్క నోటుబుక్కు

ఆ మంగళవారం సాయంత్రం నాలుగింటికి నేను ఒక ఖాళీ ఇంటి గుమ్మంలో, చక్రాల కుర్చీలో ఇరుక్కుని ఉన్నాను. కుర్చీ ముందు చక్రాలు లోపల, వెనక చక్రాలు బయట. నా మోచేతులు రెండూ ద్వారబంధానికి చెరో పక్క అంటుకుపోయి ఉన్నాయి. నాకు జబ్బేమీ లేదు. గృహవసతి కార్యాలయంలో హెడ్ గుమాస్తాని. వడ్రంగి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. ఆ ఇరవై నిమిషాల్లో ఇద్దరు అద్దెదార్లు అటుగా వెళ్తూ నన్ను చూసి ఆగారు. గోడ చెమ్మ గురించి ఒకరు, మురుగు కాలవ గురించి ఒకరు అర్జీలు ఇచ్చారు. సీట్లో గుమాస్తా దొరకడం వాళ్ళకు అదే మొదటిసారి. తీసుకున్నాను. మరేం చేస్తాను?

నన్ను అందులో కూర్చోబెట్టింది ఎప్పటికక్క.

"కొలవడానికి టేపు ఉంది కదమ్మా" అన్నాను కూర్చోబోయే ముందు.

"టేపుకి పొట్ట ఉండదు కదా సార్. మీదీ డ్రైవరు మామదీ ఒకటే సైజు, కూర్చోండి" అంది.

ఆవిడ ఉద్యోగం పేరు నియామక పత్రంలో ఒకటిన్నర వరస ఉంటుంది. సమీకృత ఆరోగ్య, సాంఘిక సేవల క్షేత్రస్థాయి సమన్వయ సహాయకురాలు. ఆ పేరును చివరిదాకా పలికిన పాపాన ఎవరూ పోలేదు. పని మాత్రం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మా పేటలో ఆసుపత్రి ఒకటి, సంక్షేమ కార్యాలయం ఒకటి, ఇళ్ళు కేటాయించే మా ఆఫీసు ఒకటి, రోగుల్ని తీసుకెళ్ళే బండ్ల ఆఫీసు ఒకటి. నాలుగూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. మాటల్లేని తోడికోడళ్ళు ఒకే వంటింట్లో తిరిగినట్టు, ఎవరి గిన్నె వాళ్ళు తోముకుని వెళ్ళిపోతూ ఉంటాం. మా వాటాల్లో ఉండేవాళ్ళకు ఒకరితో పని పడిందంటే సాధారణంగా నలుగురితోనూ పడుతుంది. ఆ నలుగురి చేతా మాట్లాడించడమే ఆవిడ పని.

అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసింది. కారిడార్లో దారి తప్పి బిక్కమొహం వేసుకున్నవాళ్ళు కనిపిస్తే, చెయ్యి పట్టుకుని సరైన గది దాకా దిగబెట్టి వచ్చేది. ఈలోగా వార్డులో ఆవిడ కోసం కేకలు. ఈ కొత్త ఉద్యోగం వచ్చినప్పుడు సిఫార్సు చేసింది స్వయంగా వార్డు మేట్రనేనట. "ఎలాగూ ఆవిడ వార్డులో ఉండదు. బయట తిరిగే ఉద్యోగం ఇస్తే కనీసం ఉన్నచోట ఉన్నట్టుంటుంది" అని రాసి ఇచ్చిందని చెప్పుకుంటారు.

ఇక ఆ పేరు. ఏ ఆఫీసులో ఎవరు "చూస్తాం" అన్నా, "అలాగేలెండి" అన్నా, ఆవిడ అడిగేది ఒకటే మాట. "ఎప్పటికి?" గొంతు పెంచదు, కోపం ఉండదు. అడిగి, పెన్ను మూత తీసి, మన మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. మనకు తెలియకుండానే నోట్లోంచి ఒక తారీకు జారిపోతుంది. ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. "షాపులో జనం అడిగేదీ అదే, ఇంటికొస్తే ఈవిడ అడిగేదీ అదే. ఎక్కడికి పోయి చచ్చేది సార్" అని నాతో ఒకసారి మొర పెట్టుకున్నాడు.

ఆవిడ పద్ధతి కూడా వేరు. ఫైళ్ళు పెట్టదు. ఒక్కో ఇంటికి ఒక్కో నలభై పేజీల బడి నోటుబుక్కు. అది ఆవిడ దగ్గర ఉండదు, రోగి ఇంట్లోనే మేకుకు వేలాడుతూ ఉంటుంది. రోగి ఏ ఆఫీసుకు వెళ్ళినా వెంట తీసుకెళ్ళాలి. అక్కడివాళ్ళు ఎడమ పేజీలో ఏం చేస్తారో, కుడి పేజీలో ఎప్పటికి చేస్తారో సొంత దస్తూరీతో రాయాలి. చివరి పేజీ మాత్రం ఆవిడది. దాని పైన "ఎవరి దగ్గర ఆగింది" అని ఉంటుంది. మా నాలుగు ఆఫీసుల్లోనూ ఆ చివరి పేజీ అంటే భయం లేనివాళ్ళు లేరు.

అందులో నా పేరు ఎక్కబోయిన సంగతి చెబుతాను.

డ్రైవరు మామ అంటే మూడో అంతస్తులో ఉండే రిటైరైన బస్సు డ్రైవరు. రెండు కిడ్నీలూ పనిచెయ్యవు. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో మిషను మీద డయాలసిస్ చేయించుకోవాలి. ఆ భవనంలో లిఫ్టు ఉంది, పనిచెయ్యదు. అరవై రెండు మెట్లు. కింది వాటాలో ఉండే మూటలు మోసే అతను ఇన్నాళ్ళూ మామను వీపున వేసుకుని దించేవాడు, ఎక్కించేవాడు. పాపం అతనికి నడుం పట్టేసింది. ఆసుపత్రి బండి వస్తుంది, కింద పది నిమిషాలు ఆగుతుంది. బండి నడిపేవాడు దిగి పైకి రాకూడదని నియమం. పది నిమిషాలయ్యాక కాగితం మీద "రోగి రాలేదు" అని రాసుకుని వెళ్ళిపోతాడు. అలా శుక్రవారం పోయింది, సోమవారం పోయింది. వరసగా మూడుసార్లు రాకపోతే ఆ మిషను వంతు వరసలో తర్వాతివాళ్ళకు ఇచ్చేస్తారు. మళ్ళీ వంతు రావాలంటే నెలలు. డయాలసిస్ లేకుండా నెలలంటే ఏమిటో ఎవరూ పైకి అనలేదు. బుధవారం ఎనిమిదింటికి మూడోసారి.

సోమవారం మధ్యాహ్నం ఆవిడ నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది.

"సార్, మీ దగ్గర ఒక ఉత్తరం ఉండాలి."

"నా దగ్గరా? లేదమ్మా."

"మామకి కింది అంతస్తులో ఇల్లు ఇమ్మని అయిదు వారాల కిందట ఆసుపత్రి హెడ్ నర్సు రాసింది. సంక్షేమ ఆఫీసుకని రాసి, పొరపాటున మీకు పంపారు. సంక్షేమం వాళ్ళు ఆ ఉత్తరం వస్తే మనిషిని పంపి చూస్తారట. మీరేమో వాళ్ళ రిపోర్టు వస్తే ఇల్లు ఇస్తారట. బండ్లవాళ్ళు కింది ఇంటి అడ్రసు వస్తే గుమ్మం దాకా వస్తారట. అందరూ ఎదురుచూస్తున్నారు సార్, ఎవరి తప్పూ లేదు."

నేను సొరుగులన్నీ లాగాను. బీరువా తీశాను. ఆ హడావిడిలో మోకాలు తగిలి బల్ల కదిలింది. అప్పుడు గుర్తొచ్చింది. నా బల్లకు ఒక కాలు పొట్టి. అయిదు వారాల కిందట, మా ఆఫీసుది కాదని తోచిన ఒక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాని కింద దోపాను.

వంగి తీశాను. మధ్యలో గుండ్రంగా కాలి గుర్తు. ఆవిడ ఆ మడతలు విప్పి, అరచేత్తో సాపు చేసి, చదివి, మళ్ళీ మడిచింది. నన్ను ఒక మాట అంటే బాగుండేది.

"రేపు ఉదయం పదకొండుకి మామ ఇంట్లో అందరం కలుస్తున్నాం సార్. మీ స్టాంపు తెచ్చుకోండి."

"ఇంట్లోనా? మా ఆఫీసులో పెట్టుకుందాం, ఫ్యానుంది" అన్నాను.

"మామ మెట్లు దిగలేడు కదా సార్" అంది.

మిగతా ముగ్గురినీ ఎలా ఒప్పించిందో తర్వాత తెలిసింది. ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి "మిగతా ముగ్గురూ వస్తున్నారు, మీరు రాకపోతే చివరి పేజీలో మీ పేరొక్కటే మిగులుతుంది" అందట. ముగ్గురితోనూ అదే మాట.

మంగళవారం పదకొండింటికి ఎక్కడం మొదలుపెట్టాం. హెడ్ నర్సు ఆగకుండా ఎక్కేసింది. సంక్షేమ ఆఫీసరమ్మ రెండో అంతస్తులో ఆగి, చెప్పులో రాయి పడిందని కాసేపు వెతుక్కుంది. బండ్ల ఇన్‌ఛార్జి ప్రతి మలుపులోనూ ఫోను వచ్చినట్టు నటించాడు. నేను నటించలేదు, ఆ ఓపిక కూడా లేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. నలభై రెండో మెట్టు దగ్గర గోడ మీద అరచేతుల జిడ్డు మరక ఒకటి కనిపించింది. అక్కడ ఆగినవాడిని నేనే మొదటివాణ్ణి కాదు.

మామ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. కాళ్ళు ఉబ్బి ఉన్నాయి, మాట మధ్యలో ఆయాసం. అయినా మమ్మల్ని చూసి నవ్వాడు.

"నలభై ఏళ్ళు బస్సు నడిపాను. ఇంతమంది ఆఫీసర్లు ఒక్క ట్రిప్పులో ఎన్నడూ ఎక్కలేదు."

"మాట్లాడకండి, ఆయాసం" అంది ఆయన భార్య. మా అందరికీ ఆవిడ అత్త. మాకు మంచినీళ్ళిచ్చి, మంచం కోళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. ఎవరి మొహం వంకా చూడకుండా "రేపు వెళ్తారు కదమ్మా?" అని ఎప్పటికక్కను మెల్లిగా అడిగింది.

"అందుకే వచ్చాం అత్తా."

ఉత్తరం బయటికి వచ్చింది. హెడ్ నర్సు దాన్ని అటూ ఇటూ తిప్పి, "నేను రాసినదే. ఈ గుండ్రటి గుర్తేమిటి?" అంది.

నేను జేబులో స్టాంపు తడుముకున్నాను.

"చాలా బరువు మోసిందమ్మా ఆ కాగితం" అంది ఎప్పటికక్క. నా వైపు చూడలేదు. చివరి పేజీ తియ్యలేదు.

సంక్షేమ ఆఫీసరమ్మ అక్కడికక్కడే మామను చూసి, పక్కింటి నుంచి తెచ్చిన స్టూలు మీద పెట్టుకుని రిపోర్టు రాసింది. నర్సు సంతకం పెట్టింది. బండ్ల ఇన్‌ఛార్జి కొత్త అడ్రసు రాసుకున్నాడు. నా వంతు వచ్చింది. కింద ఒక ఇల్లు ఖాళీగా ఉన్న మాట నిజమే. మంజూరు పత్రం మీద స్టాంపు వేస్తే తాళం ఇచ్చెయ్యొచ్చు. ఇన్ని వారాల పాపం ఒక్క దెబ్బతో కడిగేసుకోవాలని గట్టిగా గుద్దాను.

అందరూ పత్రం మీదికి వంగారు. మా ఆఫీసులో స్టాంపులన్నీ ఒకే స్టాండుకు వేలాడుతూ ఉంటాయి, పిడులన్నీ ఒకేలా ఉంటాయి. పత్రం మీద నీలం సిరాతో, అక్షరం చెదరకుండా, "రద్దు" అని పడింది.

మామ మెడ సాచి చదివాడు. "నన్ను రద్దు చేశారా బాబూ?"

"ముప్పై ఆరేళ్ళుగా నా వల్లే కాలేదు, ఆయన వల్ల ఏమవుతుంది" అంది అత్త. ఆ గదిలో మొదట నవ్వింది ఆవిడే. నవ్వి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నేను లేచాను. కొత్త పత్రం, కొత్త స్టాంపు కావాలి. మా ఆఫీసు రోడ్డుకు అవతల ఉంది. అరవై రెండు దిగాలి, అరవై రెండు ఎక్కాలి.

"ఎప్పటికి సార్?" అంది ఎప్పటికక్క, పెన్ను మూత తీసి.

"అరగంట."

రాసుకుంది. ఇరవై ఎనిమిది నిమిషాల్లో వచ్చాను. నా ఉద్యోగ జీవితంలో గడువుకు ముందే పూర్తయిన పని అదొక్కటే. నా దస్తూరీలో కాకపోయినా ఆ పుస్తకంలో సాక్ష్యం ఉంది.

ఆ సాయంత్రం, మామకు తెచ్చిన చక్రాల కుర్చీ పడుతుందో లేదో చూడబోయి, కింది ఇంటి గుమ్మంలో నేను ఇరుక్కోవడం మీకు తెలిసినదే. వడ్రంగి వచ్చి ద్వారబంధానికి ఒక పక్క చెక్క ఊడదీసి, నన్నూ కుర్చీనీ విడిపించాడు. ఆ పక్క రెండంగుళాలు చెక్కి మళ్ళీ బిగించాడు. నేను మళ్ళీ కూర్చున్నాను. ఈసారి మోచేతులు తగలకుండా లోపలికి వెళ్ళిపోయాను.

అయిదింటికి మామను దించాం. బట్టలు, గిన్నెలు, మంచం పక్కవాటాల వాళ్ళు తలా ఒకటి పట్టుకుపోయారు. మామను మామూలు కుర్చీలో కూర్చోబెట్టి ముందు ఇద్దరం, వెనక ఇద్దరం పట్టుకున్నాం. ముందు నేనూ బండ్ల ఇన్‌ఛార్జీ, వెనక వడ్రంగీ ఎప్పటికక్కా. నడుం పట్టేసిన అతను మొలకు పట్టీ కట్టుకుని, ముందు నడుస్తూ ఎక్కడ మెట్టు విరిగిందో చెప్పాడు. మామ మాత్రం ఊరుకోలేదు, అదీ బస్సే అన్నట్టు.

"మలుపొస్తోంది, నెమ్మది. ఎడమ చక్రం గోడకి తగులుతోంది. ఏవయ్యా బండ్లాయనా, ఎన్నేళ్ళయింది లైసెన్సొచ్చి?"

"నేను బండి నడపను మామా, రాతపనే."

"అదే అనుకున్నాను."

నలభై రెండో మెట్టు దగ్గర ఆగమన్నాడు. గోడ మీది మరక మీద ఒకసారి అరచెయ్యి ఆనించాడు. "ఇక పదండి" అన్నాడు.

బుధవారం ఎనిమిదింటికి బండి గుమ్మం ముందు ఆగింది. ఆ రోజు నుంచి ఒక్క రోజూ తప్పలేదు. మామ కాళ్ళ వాపు దిగింది. ఎండ వస్తే కుర్చీ బయట వేయించుకుని, వచ్చే పోయే వాహనాలన్నిటికీ వంక పెడుతున్నాడు. నా బల్ల కాలి కింద ఇప్పుడు చెక్కముక్క ఉంది. అది వడ్రంగి ఇచ్చాడు, ద్వారబంధం నుంచి చెక్కినదే. ఎప్పటికక్క ఇంకా పదహారు ఇళ్ళ నోటుబుక్కుల్లో తారీకులు రాయించుకుంటూ తిరుగుతోంది. మా నాలుగు ఆఫీసుల వాళ్ళం ఇప్పుడు నెలకోసారి కలుస్తున్నాం. ఎక్కడ కలవాలో ఆవిడే చెబుతుంది. మెట్లు ఎన్నో మాత్రం ముందుగా చెప్పదు.

పోయిన సోమవారం నేను ఆఫీసుకు వెళ్తుంటే, మామ వీధి గుమ్మంలో చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, దువ్విన జుట్టు, ఒళ్ళో నోటుబుక్కు. బండి ఇంకా రాలేదు. ఎప్పటికక్క పక్కనే నిలబడి ఉంది.

"ఏం అమ్మాయ్, ఎనిమిదీ పది అయింది" అన్నాడు మామ, గడియారం ఉన్న చెయ్యి ఆవిడ మొహానికి దగ్గరగా పెట్టి. "నలభై ఏళ్ళలో నేను ఒక్క ట్రిప్పు లేటు చెయ్యలేదు. పది నిమిషాలు నన్నిక్కడ కూర్చోబెట్టారు. ఇదేం పద్ధతి?"

ఆవిడ రోడ్డు మలుపు వైపే చూస్తూ అంది. "అప్పట్లో బండి కింద పది నిమిషాలు మీకోసం చూసింది మామా, ఇవాళ మీరు దానికోసం చూశారు, చెల్లుకు చెల్లు."