దొంగ నొప్పుల బెంచీ

పొద్దున మా కోడలు పొయ్యి మీద బెల్లం పాకం మరిచిపోయి మాడబెట్టింది. ఇంట్లో అందరూ ముక్కులు మూసుకుంటే నేను మాత్రం హాయిగా పీల్చాను. చెరుకు ఆడే కాలంలో బోధన్ ఊరంతా ఇదే వాసన. దానితోపాటే రహీమా ఆపా గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

పంతొమ్మిది వందల అరవైల్లో నేను కొత్త నర్సుగా చేరిన చిన్న దవాఖాన, చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీదే ఉండేది. అందరికీ అక్కలాంటి ఆపా, ఎమర్జెన్సీ గదికి పెద్ద నర్సు. చెరుకు బండ్లు ఆ రోడ్డు పొడుగునా రెండేసి రోజులు వరుసలో నిలబడేవి. బండివాడికి జబ్బు చేసిందని దవాఖాన చీటీ ఇస్తే, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ బండిని ముందుగా వదిలేవారు. ఇంకేముంది, లోకంలోని నొప్పులన్నీ మా గదిలో బెంచీ మీదే! నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఒకాయన కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. నాడి చూశాను, జ్వరం చూశాను. ఏమీ లేదు. "లే, బయటికి నడువ్" అని కసిరాను. ఆపా నన్ను పక్కకు పిలిచింది.

"ఎప్పుడు తిన్నవని అడిగినవా, బేటా?"

"ఎందుకడగాలె ఆపా? దొంగ నొప్పి."

"నొప్పి దొంగదే. ఆకలి దొంగది గాదు గద. చీటి నేను రాయ. చాయ్ మాత్రం పోస్త."

ఆమె పద్ధతే అది. గ్లాసెడు చాయ్, ఇంత రొట్టె చేతిలో పెట్టి, ఎద్దుల పేర్లేమిటని అడిగేది. చీటీ దొరకదని తెలిసీ వచ్చేవాళ్లు. ఆపా లేనప్పుడు మాత్రం నేను వచ్చినవాణ్ణి వచ్చినట్టే తిట్టి పంపేదాన్ని.

ఒక మధ్యాహ్నం చందూర్ అనే ఊరి నుంచి నొప్పులు పడుతున్న ఒకామెను తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. వెంటనే నిజామాబాద్ పెద్ద దవాఖానకు చేర్చకపోతే ఇద్దరూ దక్కరన్నాడు డాక్టరు. ఆమెను ఎక్కించుకున్న జీపు దవాఖాన గేటు దాటి ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా బండ్లు. బండివాళ్లు ఎద్దులను విప్పి మేత వేశారు. చోటు వదిలితే మళ్లీ వరుస చివరికి పోవాలి. నేనెంత మొత్తుకున్నా ఒక్కడూ కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆపా గదిలోకి పోయి బెంచీ ముందు నిలబడింది. "అన్నలారా, మీ నొప్పులు జర పక్కకు వెట్టుండ్రి. గీ చెల్లె నొప్పి ముందుగాల పోవాలె!"

పదిమంది ఒక్కసారే లేచారు. కాలు పనిచేయడం లేదన్నవాడు అందరికంటే ముందు ఉరికాడు. నడుము విరిగిందని పొద్దుటి నుంచి మూలిగినవాడు తన చెరుకు బండి చక్రానికి భుజమిచ్చి రోడ్డు కిందికి దొర్లించాడు. మిగతావాళ్లూ తమ బండ్లను అలాగే తప్పించేసరికి దారి దొరికింది. జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

వరుస పోగొట్టుకున్న ఆ పదిమందికీ ఆపా చీటీలు రాసింది. "నడుము నొప్పి" అని రాస్తుంటే నాకు నవ్వాగలేదు. "అబద్ధం రాస్తున్నవా ఆపా?" అన్నాను.

"ఆయన్ను సూడు. ఇప్పుడు నిజంగనే పట్టింది" అంది. పాపం, ఆయన నిటారుగా నిలబడలేకపోతున్నాడు!

మర్నాడు కబురొచ్చింది. ఆడపిల్ల, తల్లీబిడ్డలు క్షేమం. ఆ రోజు బెంచీ మీద పెళ్లివారిల్లంత సందడి.

తరువాత చాలా ఏళ్లు ఎమర్జెన్సీ గదుల్లోనే పనిచేశాను. ఏ జబ్బూ లేకుండా వచ్చినవాళ్లను ఎందరినో చూశాను. ఎవరినీ కసరలేదు. ఆ మధ్యాహ్నం పరుగెత్తిన పదిమందీ ఆపా చాయ్ తాగినవాళ్లే. నేను తిట్టి పంపినవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. బండ్ల మీద కూర్చుని, నేను మొత్తుకుంటుంటే చూస్తూ ఉన్నారు.