విషయం: కన్బిస్కెట్ల గురించి

మా కంప్యూటర్ మాస్టారికి నోటితో చెప్పిన మాట వినపడదు. అలాగని చెవుడేమీ లేదు. పక్క వీధిలో ఐస్‌క్రీమ్ బండి గంట కొడితే బడి మొత్తంలో ముందు ఆయనకే వినపడుతుంది. కానీ ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే మాత్రం కళ్లజోడు ముక్కు చివరికి దించి, "విషయం?" అంటారు. అంటే ఉత్తరం రాసుకుని రమ్మని. పైన తేదీ, గౌరవనీయులైన మాస్టారికి అని సంబోధన, దాని కింద విషయం, ఆ కింద కారణం, చివర ఇట్లు తమ విధేయులు. ఇదంతా టైపు చేసి, ప్రింటు తీసి చేతికిస్తేనే మన మాట ఆయన చెవికెక్కుతుంది. అందుకే పిల్లలు ఆయనకి విషయం మాస్టారని పేరు పెట్టుకున్నారు.

నేను పక్క గదిలో లెక్కలు చెబుతాను. మధ్య గోడ పల్చన. పదేళ్లుగా ఆయన పాఠం నాకూ, నా పాఠం ఆయనకూ ఉచితంగా అందుతున్నాయి. మొదటి ఏడేళ్లు మనిషి బాగానే ఉండేవారు. మూడేళ్ల కిందట, బడి తెరిచిన మూడో రోజున ఈ ఉత్తరాల పిచ్చి ఉన్నట్టుండి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఎవరికీ తెలియదు.

ఆయన పై తరగతుల పిల్లలకి కంప్యూటరూ, వ్యాపారమూ నేర్పుతారు. టైపింగు, పట్టికలు, సరుకు ఎలా తెప్పించాలి, కొనేవాడు కోపంగా రాస్తే చల్లగా ఎలా బదులివ్వాలి, ఇలాంటివి. గదిలో పన్నెండు కంప్యూటర్లున్నాయి. పది పనిచేస్తాయి, పదకొండోది పనిచేస్తున్నట్టు నటిస్తుంది, పన్నెండో దాని మీద మాస్టారు టిఫిన్ డబ్బా పెట్టుకుంటారు.

"సార్, మంచినీళ్లు తాగొస్తా."

"విషయం?"

"మంచినీళ్లే సార్."

"నాకు కాదు, దానికి చెప్పు," అని కంప్యూటర్ వైపు వేలు చూపించేవారు.

కారణం రాయకపోతే ఉత్తరం వెనక్కొచ్చేది. అందుకోసం ప్రత్యేకంగా ఒక రబ్బరు స్టాంపు చేయించుకున్నారు. "కారణం లేని ఉత్తరం వెనక్కి" అని ఎర్ర సిరాతో ఠపీమని పడేది. ఒకసారి ఆ పదకొండో కంప్యూటర్ లోంచి పొగ లేచింది. పిల్లవాడొకడు "సార్, పొగ" అని అరిచాడు. మాస్టారు పరుగెత్తుకెళ్లి స్విచ్చి కట్టేసి, వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుని, "అత్యవసరం కాబట్టి ఇప్పుడు ఒక్క వాక్యం చాలు. తేదీ మాత్రం మర్చిపోకు," అన్నారు.

ఇంట్లోనూ ఇదే వరస. పులుసులో ఉప్పు తక్కువైందని ఒక ఉదయం భార్యకు ఉత్తరం రాసి బల్ల మీద పెట్టి వచ్చారట. మధ్యాహ్నం స్టాఫ్ రూములో మా అందరి ముందూ డబ్బా మూత తీస్తే లోపల అన్నం లేదు, ఒక కాగితం ఉంది. "తమ లేఖ అందినది. ఉప్పు విషయము పరిశీలనలో ఉన్నది. అంతవరకు సరఫరా నిలిపివేయడమైనది. ఇట్లు, యాజమాన్యం." మాస్టారు రెండుసార్లు చదువుకుని, "మార్జిన్లు చూశారా టీచరమ్మా, ఎంత సమంగా ఉన్నాయో," అని మురిసిపోయారు. ఆ పూట ఆయన నా డబ్బాలో సగం తిన్నారు.

ఇక కన్బిస్కెట్ల సంగతి. చివరి బెంచీ వాడొకడు మంచినీళ్ల కోసం ఘనంగా ఒక ఉత్తరం తయారు చేసుకుని దాచుకున్నాడు. ఒకరోజు ఆకలేసింది. కొత్తది రాయడానికి బద్ధకం. పాత ఉత్తరం తెరిచి, "నీళ్లు" అన్న చోటల్లా "బిస్కెట్లు" అని మార్చమని కంప్యూటర్‌కి చెప్పాడు. దానికేం తెలుసు పాపం, చెప్పింది చెప్పినట్టు చేసింది. మాస్టారు ఆ కాగితం పైకి చదవడం గోడ ఇవతల నుంచి నేను విన్నాను.

"మంచిబిస్కెట్లు తాగి వచ్చుటకు అనుమతి కోరుతున్నాను. కారణం, గొంతు ఎండిపోయి కన్బిస్కెట్లు వస్తున్నవి."

గదంతా గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. "కన్బిస్కెట్లు కారేంత ఆకలైతే వెళ్లాల్సిందే. వచ్చేటప్పుడు నాకు రెండు పట్రా. తాగడానికి," అన్నారు. ఆ రోజు నుంచి మా బడిలో ఎవరూ కన్నీళ్లు పెట్టుకోలేదు. పరీక్ష తప్పినా, మోకాలు చెక్కుకుపోయినా కన్బిస్కెట్లే.

ఇంతవరకు నేనూ నవ్వాను. ఈ జబ్బు గోడ దాటి నా గదిలోకి వచ్చాక మాత్రం నవ్వు పోయింది. "సందేహముందా" అని అడిగితే నా తరగతి పిల్లలు నోరు తెరవకుండా కాగితాలు ముందుకు తోస్తున్నారు. "విషయం: మూడో లెక్క అర్థం కాకపోవుట గురించి." ఒక తండ్రి వచ్చి, తన కొడుకు చొక్కా గుండీ కుట్టమని ఇంట్లో ఉత్తరం ఇస్తున్నాడని మొర పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయి ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"నేనూ ఆపించేద్దామనే చూస్తున్నానమ్మా. మీరు ఒక ముక్క టైపు చేసివ్వండి చాలు," అన్నారావిడ.

రాయడం వరకు బాగానే ఉంది, టైపు చేయడానికి కంప్యూటర్లున్నది ఆయన గదిలోనే. మధ్యాహ్నం విరామంలో వెళ్లి కూర్చున్నాను. "మాస్టారి ఉత్తరాల వల్ల నాకు చాలా బాధగా ఉంది. నా బాధలు చెప్పనలవి కావు. ఈ నియమం రద్దు చేయగోరుతున్నాను. ఇట్లు, బాధపడుతున్న లెక్కల టీచరు." వెనక నుంచి ఆయన గొంతు వినపడింది.

"విషయం చప్పగా ఉంది టీచరమ్మా. మీ కోపం అందులో కనపడట్లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం పక్కన నిలబడి పేరాలు సరిచేసి, "నా మీద ఫిర్యాదు కాబట్టి నా హోదా కూడా రాయండి," అని గుర్తుచేసి, ప్రింటరులో కాగితం అయిపోయిందని తేవడానికి వెళ్లారు.

ఈలోగా నా ఉత్తరం ఎక్కడ సేవ్ అయిందో వెతుకుతూ నేను ఇంకేదో తెరిచాను. మూడేళ్ల నాటిది. బడి తెరిచిన రెండో రోజు తేదీ.

"మాస్టారికి, నిన్న నేను లేచి నిలబడింది మంచినీళ్లు అడగడానికి. నాకు నత్తి. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. అందరూ నవ్వారు. పాత బడిలోనూ ఇంతే. రేపటి నుంచి నేను రాను. మా అమ్మకి ఇంకా చెప్పలేదు."

కింద ఆయన జవాబు. "తమ లేఖ అందినది. రేపటి నుంచి ఈ గదిలో ఎవరూ నోటితో ఏమీ అడగరాదు. కాబట్టి తమరు మానేయడానికి కారణం కనపడదు. కారణం లేని ఉత్తరం వెనక్కి. మంచినీళ్లు తాగి రావచ్చును."

ఉత్తరం చివర పేరు చూసి గుర్తుపట్టాను. ఆ పిల్ల నా తరగతిలోనూ ఉంది. లెక్కలు బోర్డు మీద చకచకా చేసేస్తుంది, నోరు మాత్రం విప్పదు. మూడేళ్లుగా సిగ్గనుకున్నాను. అందరూ కాగితాలు ఇస్తుంటే ఆమె కాగితం ఇవ్వడం ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు చివరి సంవత్సరంలో ఈ నియమం పోతే ఆ పిల్ల మళ్లీ మొదటికొస్తుంది. పోగొట్టేది నా ఉత్తరం. నా మీద నాకే అసహ్యం వేసింది.

అడుగుల చప్పుడు వినపడింది. గబగబా నా ఉత్తరం తెరిచి "రద్దు చేయ" తీసి "కొనసాగించ" అని పెట్టాను. "బాధ" అన్న చోటల్లా "హాయి" అని మార్చమని కంప్యూటర్‌కి చెప్పాను. మాస్టారు తెచ్చిన కాగితం మీద ప్రింటు తీసుకుని పరుగు పెట్టాను.

ప్రిన్సిపాల్ మేడమ్ చదివారు. "నాకు చాలా హాయిగా ఉంది. నా హాయిలు చెప్పనలవి కావు. ఇట్లు, హాయిపడుతున్న లెక్కల టీచరు." కాగితం దించి నా వైపు చూశారు. "ఒంట్లో బాగుందా అమ్మా?"

"కొంచెం ఆగండి మేడమ్," అన్నాను.

"ప్రదర్శన వరకు ఆగుతాను. ఆ రోజు రద్దు చేస్తాను," అన్నారు.

ఏటా బడిలో జరిగే ప్రదర్శనలో వ్యాపారం తరగతి పిల్లలు ఏదో ఒక దుకాణం నడపాలి. ఈసారి ఉత్తరాల దుకాణం పెట్టారు. మనం చెబితే వాళ్లు టైపు చేసిస్తారు. ముందు బల్ల దగ్గర మేనేజరుగా ఆ నత్తి పిల్లనే కూర్చోబెట్టారు మాస్టారు. చూసి ఆయన్ని పక్కకి పిలిచాను.

"ఏమిటిది మాస్టారూ, పదిమంది ముందు దాన్ని పెట్టారు," అన్నాను.

"దుకాణంలో మాట్లాడేది కొనేవాళ్లండీ. అమ్మేవాళ్లకి ఒక్క మాట వస్తే చాలు. ఆ మాట దానికి మూడేళ్లుగా వినిపిస్తూనే ఉన్నాను," అన్నారు.

మొదట వచ్చింది ప్రిన్సిపాల్ మేడమే. ఆ పిల్ల లేచింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఎవరూ నవ్వలేదు. మూడేళ్లుగా ప్రింటరు కోసం నిలబడి నిలబడి తోటి పిల్లలకి ఎదురుచూడడం అలవాటైపోయింది.

"వి... వి... విషయం?"

మేడమ్ గొంతు సవరించుకున్నారు. "ఉత్తరాల నియమం రద్దు గురించి."

కీబోర్డుల దగ్గర చేతులు ఆగిపోయాయి. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆ పిల్ల ఊపిరి తీసుకుంది.

"కా... కారణం?"

మేడమ్ ఆ పిల్లనీ, చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డ పిల్లలనీ చూశారు. "ఇందాకటి దాకా ఒకటి ఉండేదమ్మా. ఇప్పుడు కనపడట్లేదు," అన్నారు.

ఆ పిల్ల సొరుగు లాగి స్టాంపు తీసింది. ఒక ఖాళీ కాగితం మీద ఠపీమని ఎర్రగా కొట్టి, మేడమ్ చేతికిచ్చి, తడబడుతూనే పూర్తిగా చెప్పింది. "కారణం లే... లేని ఉత్తరం వె... వెనక్కి మేడమ్."

చప్పట్లతో గది దద్దరిల్లిపోయింది. నేను ముఖం గోడ వైపు తిప్పుకుని చెంగు కోసం వెతుక్కుంటుంటే పక్క నుంచి ఒక చేతిరుమాలు వచ్చింది. కళ్లజోడు ముక్కు చివరికి దించి మాస్టారు నన్నే చూస్తున్నారు.

"విషయం?"

"కన్బిస్కెట్లండీ," అన్నాను.