ఎడమ చేతి పాళీ

మొన్నామధ్య హనుమకొండలో మా మనవడి ఇంటికి నలుగురు పిల్లలు వచ్చారు. పిల్లలంటే నా లెక్కలో పిల్లలు. అందరికీ ముప్పై దాటాయి, ఒకతనికి బట్టతల కూడా వచ్చింది. నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూడి, తమ సిరా కలాలన్నీ బల్ల మీద పరుచుకుని మాట్లాడుకుంటారట. అదొక సరదా. ఒకరిది జర్మనీ కలం, ఒకరిది జపానుది, బట్టతల అబ్బాయిది రాజమండ్రిలో చేత్తో తిప్పే తరిమెన మీద చెక్కి చేసింది. సిరాల గురించి వాళ్లు మాట్లాడుతుంటే చీరెల దుకాణంలో కూర్చున్నట్టే ఉంది నాకు. ఒకటి నెమలి మెడ రంగట, ఒకటి ఎండిన గోరింటాకట, ఇంకొకటి వాన పడబోయే ముందటి మబ్బట. నేను పడక కుర్చీలో చాయ తాగుతూ నవ్వుకుంటూ వింటున్నాను. అంతలో వాళ్లొక ఆట మొదలుపెట్టారు. ఒకడు గోడవైపు తిరిగి కూర్చుంటాడు, మిగతావాళ్లు తలా ఒక కలంతో ఒకే వాక్యం రాస్తారు, ఏ వరుస ఏ కలంతో రాశారో వాడు గీత చూసి చెప్పాలి. బట్టతల అబ్బాయి అన్నీ సరిగ్గా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చాయ సగంలో వదిలేసి లోపలికి వెళ్లి పడుకున్నాను. మనవడు వెనకే వచ్చి బీపీ చూడాలా అని అడిగాడు. బీపీ కాదురా అన్నాను. వాడికి ఇన్నేళ్లుగా చెప్పని సంగతి, అంతమంది ముందు ఏం చెప్పను.

ఆ ఆట నేను పదహారేళ్ల వయసులో మా జనగామ ఇంట్లో చూశాను. స్టేషన్‌కి వెళ్లే దారిలో ఉండేది ఆ ఇల్లు, రైలు వెళితే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. మా అన్న తహసీలు కచేరీలో గుమాస్తా. నిజాం రాజ్యంలో కచేరీలకు శుక్రవారం సెలవు కనుక, శుక్రవారం పొద్దెక్కేసరికి మా ముందరి అర్రలో చాప పరిచేవాళ్లు. అన్నకు నాలుగైదు కలాలుండేవి. వాటికి జరిగిన సేవ ఇంట్లో మనుషులకు జరిగేది కాదు. పాళీ తుడవడానికి మెత్తగా అరిగిన పాత పంచె ముక్కే కావాలి. కొత్త బట్టయితే పోగులు చీలికలో ఇరుక్కుంటాయట. ఇంట్లో పసిపిల్ల పుడితే పొత్తిగుడ్డలకు పాత పంచెలు లేకుండా చేస్తున్నాడని మా అవ్వ, అంటే మా అమ్మ, గొణిగేది. వదిన గొణిగేది కూడా కాదు, తన మల్లు చీరె కొంగు తనే చింపి ఇచ్చేది. తన కలం ఎవరైనా అడిగితే అన్న మూత తీసి పెట్టుకుని కలం ఇచ్చేవాడు. మూత తన దగ్గరుంటే కలం తిరిగొస్తుందని ఆయన నమ్మకం.

శుక్రవారం సభకు వచ్చేవాళ్లు ఇద్దరే. ఒకాయన స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా, క్రైస్తవుడు, మేమంతా టేసనన్న అనేవాళ్లం. సికింద్రాబాదు నుంచి ఎవరో దొర అమ్మేసి పోయిన బంగారు పాళీ కలం ఒకటి ఆయన దగ్గరుండేది. దానిలో ఆయన ఎప్పుడూ సిరా పోయలేదు. పోస్తే పాతదైపోతుందని భయం. ప్రతి శుక్రవారం దాన్ని పెట్టెలోంచి తీసి, అందరికీ చూపించి, వాసన చూసి, మళ్లీ పెట్టెలో పెట్టేవాడు. రాయని కలం గురించి ఆయన చెప్పినంత సేపు రాసే కలాల గురించి ఎవరూ చెప్పలేదు. రెండో మనిషి మా బావ, అక్క పెనిమిటి. పాలకుర్తి దగ్గరి ఒక పల్లెలో ఖాన్గీ బడి నడిపేవాడు, అంటే సర్కారుది కాని సొంత బడి. గురువారం సాయంత్రానికి బండి దొరికితే బండి మీద, దొరకకపోతే నడిచి వచ్చేవాడు. సన్నటి మనిషి. కళ్లద్దాలు మందంగా ఉండేవి, అవి తీస్తే ఎదుటి గడప కనపడేది కాదు. మా వాకిట్లో చెప్పులు వెతుక్కోవడానికి కూడా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి.

బావది ఎడమ చెయ్యి. చిన్నప్పుడు ఉర్దూ బడిలో అది ఆయనకు కలిసొచ్చింది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కనుక ఎడమ చేత్తో రాస్తే చెయ్యి ముందు పోతుంది, తడి అక్షరం వెనక మిగులుతుంది. తెలుగుకు వచ్చేసరికి తలకిందులు. చెయ్యి తన రాతను తానే చెరిపేసుకుంటూ పోతుంది. అందుకని బావ పలక మీద నీళ్లు చల్లి, పాళీ కొసను ఎడమవైపుకు ఏటవాలుగా రోజుల తరబడి అరగదీసుకున్నాడు. దానితో రాస్తే తలకట్టు లావుగా, అక్షరం అడుగు వెంట్రుకంత సన్నగా వచ్చేది. లోకమంతా రాసేదానికి అది తిరగమరగ. సిరా కూడా ఆయన కొనేవాడు కాదు. కరక్కాయ నానబెట్టి, అన్నభేది కలిపి ఇంట్లోనే కాచేవాడు. రాసినప్పుడు పల్చగా బూడిదలా ఉండి, మర్నాటికి నల్లగా దిగేది. ఆ సిరా పాళీని తినేస్తుందని అన్నకు ఒకటే బెంగ. ఈ విషయం మీద వాళ్లిద్దరూ ఎన్ని శుక్రవారాలు కొట్లాడుకున్నారో. బావ మాత్రం ఒకటే మాట అనేవాడు, "తిననియ్యి బావా. వానకు తడిసినా పోకుంటుంటే సాలు." పలకల మీద ఓనమాలు దిద్దించే పంతులుకు వానకు పోని సిరా ఎందుకని మాలో ఎవరికీ తోచలేదు, అక్కకు తప్ప.

ఆట ఇలా ఉండేది. బావ వెంట వచ్చిన అక్క తలుపు వెనక కూర్చుని, సిరా ఉన్న కలాలన్నిటితోనూ ఒక్కో వరుస రాసి ఇచ్చేది. ఒక్క బావ కలంతో మాత్రం బావే రాయాలి, ఆ పాళీ ఇంకెవరి చేతికీ లొంగదు. అన్న కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, గీత మొదట్లో సిరా ఎక్కడ గుమిగూడింది, మలుపులో ఎక్కడ సన్నబడింది చూసి కలం పేరు చెప్పేవాడు. ఎప్పుడూ తప్పేవాడు కాదు. చదువులో, ఉద్యోగంలో, ఇంట్లో ఎక్కడా ఎవరూ మెచ్చుకోని మనిషి మా అన్న. ఆ ఒక్క ఆటలో ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా ఉండేది. బావకు అది తెలుసు. అందుకే ఓడిపోవడం తెలిసీ ప్రతిసారీ ఆట తనే అడిగేవాడు.

తరువాత రోజులు మారాయి. చుట్టుపక్కల ఊళ్లలో సంఘం లేచింది, ఇక వెట్టి చెయ్యం అన్నారు, దొరల గడీల మీదికి పోయారు. రజాకార్ల భయానికి మేం కూడా కొన్నాళ్లు ఇల్లు తాళం వేసి చుట్టాల ఊళ్లలో తలదాచుకున్నాం. శుక్రవారాలు ఆగిపోయాయి. ఆ తరువాత యూనియన్ సైన్యం వచ్చింది. వచ్చిన కొత్తలో మా వీధి ఆడవాళ్లు సిపాయిలకు మజ్జిగ పోశారు, నేనూ పోశాను. ఇక అంతా అయిపోయిందనుకున్నాం. సంఘం వాళ్లు మాత్రం పంచుకున్న భూములు మళ్లీ దొరల పాలు కానియ్యం అన్నారు, తుపాకులు దించలేదు. ఊరూరా క్యాంపులు పడ్డాయి. ఊళ్లలో చేతిరాత కరపత్రాలు కనపడేవి, పొద్దున్నే చావడి గోడకు అంటించి ఉండేవి. అవి రాసిన చేతుల్లో మా బావది ఒకటి. ఆ సంగతి అక్కకు ఒక్కదానికే తెలుసు.

జనగామ క్యాంపుకు మద్రాసు వైపు నుంచి ఒక పోలీసు అధికారి వచ్చాడు. తెలుగువాడు. కచేరీలో పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉండేసరికి, చదివి చెప్పడానికి మా అన్నను పిలిపించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక పెద్ద అధికారి తనతో తెలుగులో మాట్లాడటం అన్నకు అదే మొదలు. అదీ 'గుమాస్తా గారూ' అని, 'కూర్చోండి' అని. ఆ అధికారి జేబులో నల్లటి రాజమండ్రి కలం ఉండేది. అన్న దాన్ని చూడకుండా ఉండలేడు, చూసి ఊరుకోలేడు. ఇద్దరికీ మాట కలిసింది. ఇంటికొచ్చి అన్న ఆ మనిషి గురించే చెప్పేవాడు. ఎంత చదువుకున్నవాడో, పాళీ గురించి ఎంత తెలుసో, చాయ తన కప్పులోనే ఎలా పోయించాడో. అవ్వ సంతోషించింది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్న అక్క మాత్రం ఆ మాటలు మొదలవగానే లేచి వంటింట్లోకి పోయేది.

ఒక మధ్యాహ్నం అన్న అన్నానికి వచ్చి కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆ రోజు క్యాంపులో అధికారి ఒక కాగితం ముక్క చూపించాడట. ఒక వరుస చించిన ముక్క. 'కోతలు అయ్యే దాకా ఎవరూ ఊరు విడిచి' అన్న మాటలే ఉన్నాయట. ఇది ఏ పాళీ అంటారు గుమాస్తా గారూ, నాకు అంతుపట్టడం లేదు, తలకట్టు ఇంత లావేమిటి, అని అడిగాడట. తను చూసిన మరుక్షణం చెప్పేశాడట. కుడి చేతి రాత కాదు సార్, ఎడమ చేతి పాళీ, కొస రాయి మీద అరగదీసింది, కరక్కాయ సిరా, తాలూకా మొత్తం మీద ఇలాంటిది ఒక్కటే ఉంది. అధికారి లేచి నిలబడి చేయి కలిపాడట. ఇదంతా చెప్తూ అన్న ముద్ద కలుపుతున్నాడు. అక్క చారు గరిటె చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"అన్నా," అంది, "ఎవరిదని చెప్పినవా?"

"చెప్పిన. మా బావదని చెప్పిన. ఎందుకు?"

అక్క ఏడవలేదు. గరిటె గిన్నెలో పెట్టి, గోడ ఆనుకుని కింద కూర్చుని, కడుపు మీద చెయ్యి వేసుకుంది. తరువాత చాలా మెల్లగా, ఆ కాగితం దేనిలోంచి చించిందో చెప్పింది. అన్న చేతిలో ముద్ద అలాగే ఎండిపోయింది. నేను టేసనన్న దగ్గరికి పరుగెత్తాను. ఆయన డ్యూటీలో ఉన్నవాడు ఉన్నట్టే సైకిలెక్కాడు. జీవితమంతా కలంలో సిరా పోయడానికి జంకిన మనిషి, దారిలో రెండు చోట్ల సిపాయిలు ఆపినా అబద్ధాలు చెప్పుకుంటూ ఆ ఊరికి పోయాడు. లారీ ఆయన కంటే ముందే వచ్చి పోయింది. బడిలో పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారట, ఇళ్లకు పోవాలని ఎవరూ చెప్పలేదు కనుక. పంతులును ఎక్కించుకుపోయారని వాళ్లే చెప్పారు. టేసనన్న తెచ్చి అక్క చేతిలో పెట్టింది బావ కళ్లద్దాలు. బడి అరుగు మీద పడి ఉన్నాయట. ఒక అద్దం పగిలింది.

కొన్నాళ్లకు కబురు తెలిసింది. సంఘం వాళ్ల జాడ చూపించమని ఆయన్ని రేగొండ అవతలి అడవికి తీసుకుపోయారట. అక్కడ చెట్లలో పడి పారిపోబోతే కాల్చామన్నారు. కళ్లద్దాలు లేకుండా మా వాకిట్లో చెప్పులు దొరకని మనిషి అడవిలో పరుగెత్తాడట. ఆ మాట వాళ్లు చెప్పారు, కాగితం మీద రాశారు, మేం విన్నాం. శవం కోసం అన్న క్యాంపుకు పోయాడు. అక్కడే దహనం అయిపోయిందని చెప్పి పంపించారు. క్యాంపులో ఇంకొక సంగతి కూడా జరిగింది. దాన్ని అన్న చాలా ఏళ్లకు, వదిన పోయిన తరువాత, నాకు ఒక్కదానికే చెప్పాడు. అధికారి బల్ల మీద బావ కలం ఉందట. దానితో రాయబోయి రాక, కాగితం గీసుకుపోతుంటే, ఆయన అన్నను అడిగాడట, "ఇది నా చేతికి రావడం లేదండీ. ఎలా పట్టుకోవాలి?" ఎడమ చేత్తో పట్టుకోవాలని అన్న చెప్పాడట. "చెప్పిన చెల్లె," అన్నాడు నాతో. "అడిగితే చెప్పిన. నా నోరు గట్లనే అలవాటైంది."

టేసనన్న అన్నతో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, కొట్లాడలేదు. మానుకోటకు బదిలీ చేయించుకుని పోయాడు, పోయేటప్పుడు అక్కకు మాత్రం చెప్పి పోయాడు. అన్న ఉద్యోగం మానలేదు. ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, మానితే గడవదు. తన కలాలు ఎవరికిచ్చాడో ఏం చేశాడో మేం అడగలేదు. కచేరీలో మాత్రం అక్కడి ముంచుడు కలంతోనే రాసేవాడు. కొత్త సర్కారులో మెల్లగా పైకి కూడా వచ్చాడు. అక్కకు కూతురు పుట్టింది. ఆ పిల్లను ఎత్తుకు తిప్పింది, బడిలో వేసింది, పంతులమ్మను చేసింది, పెళ్లి చేసింది అన్నే. అక్క ఆ ఇంట్లోనే ఉంది. పోవడానికి బావ వైపు ఎవరూ లేరు. అన్నకు రోజూ అక్కే వండి పెట్టేది. పిలవడం మాత్రం పిల్ల చేత పిలిపించేది, మీ మామను తినుమను అని. వదిన కన్నుమూసి, పిల్ల అత్తగారింటికి పోయాక పిలవడానికి ఎవరూ లేక, కంచం పెట్టి చప్పుడయ్యేలా చెంబు పక్కన దించేది. అన్న ఆ చప్పుడు విని వచ్చి కూర్చునేవాడు. ఒకే కప్పు కింద అలా వాళ్లకు తలలు నెరిశాయి. చూసినవాళ్లు అన్నాచెల్లెళ్ల ప్రేమంటే వీళ్లదని అనేవాళ్లు. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా రెండు రోజులకే తిరిగి వచ్చేసేదాన్ని.

సంఘంలో పనిచేసిన వాళ్లకు సర్కారు పింఛను ఇస్తుందని ఆ తరువాతెప్పుడో తెలిసింది. బావ పేరు ఎక్కడా లేదు. సైన్యం వచ్చాక పోయినవాళ్ల సంగతి కష్టమని కచేరీలో ముందే అన్నారు, ఆయన సంఘానికి రాసేవాడని ఎరిగిన మనిషి సాక్ష్యం చెబితే చూద్దామన్నారు. అన్న అప్పటికి రిటైరై ఉన్నాడు. చొక్కా తొడుక్కుని అక్క ముందుకు వచ్చి నిలబడ్డాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆ రాత బావదేనని నేను వచ్చి చెప్తా, అన్నాడు. బియ్యం ఏరుతున్న అక్క తల ఎత్తింది. అన్నేళ్ల తరువాత ఆయన మొహంలోకి చూసి మాట్లాడటం నేను చూసింది అదొక్కసారే.

"ఆయన రాతను నువ్వు ఒక్కపారి గుర్తువట్టినవన్నా," అంది. "అది సాలు."

అన్న తల ఊపి, లోపలికి పోయి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆ మధ్యాహ్నం కూడా అక్కే కంచం పెట్టింది, చెంబు దించింది, ఆయన వచ్చి తిన్నాడు. ఆ తరువాత రెండు వానాకాలాలకు అన్న పోయాడు. అక్క ఇంకా చాలా ఏళ్లు బతికింది, అన్న తద్దినం నాడు మాత్రం ఎప్పుడూ పొయ్యి దగ్గరికి రాలేదు. కాలం అన్నిటినీ మరిపిస్తుందని మా ఇంటికి ఓదార్చడానికి వచ్చినవాళ్లంతా అన్నారు. మా ఇంట్లో అది దేన్నీ మరిపించలేదు, గుర్తున్నవాళ్లను ఒక్కొక్కరినే తీసుకుపోయింది, అంతే.