ఎనిమిదో మేకు

మా అమ్మ దర్జీ. వంటింట్లో కూడా దర్జీయే. బట్ట పరిచి, పీలిక కూడా వృథా కాకుండా గీతలు గీసుకున్నాకే కత్తెర పట్టే మనిషి, వంటకీ అదే పద్ధతి పెట్టుకుంది. వంటింటి గోడకి వారానికి సరిపడా ఏడు మేకులు కొట్టింది. జాకెట్ల కొలతలకు వాడే మందపాటి కాగితం ముక్కల మీద ఒక్కో వంటా, దానికి ఏమేం ఎంతెంత కావాలో పెన్సిల్‌తో రాసి, ఏ రోజుది ఆ రోజు మేకుకి గుచ్చేది. గుడ్ల ధర పెరిగితే గుడ్ల కాగితం మేకు దిగి సొరుగులోకి పోయేది. పాపం సెలవు మీద వెళ్ళిందని నాన్న అనేవాడు.

అసలు కిటుకంతా మేకుల వరసలో ఉంది. సోమవారం ఉడికించిన బఠాణీల్లో సగం మంగళవారం మెదిపి రొట్టెల్లోకి, అందులో మిగిలింది బుధవారం సూపులోకి, బుధవారం అన్నంలో కొంత గురువారం ఉల్లిపాయలతో వేయించడానికి. ఒక రోజు ఎవరైనా గరిటెడు ఎక్కువ తింటే ఆ దెబ్బ వారాంతం దాకా తగిలేది. నాన్న గోడౌన్ జీతం, అమ్మ కుట్టుడబ్బులు కలిపినా నెలాఖరుకి అంతంతమాత్రమే. అయినా మేం ఒక్క పూట కూడా పస్తులు లేమంటే ఆ మేకుల చలవే. ఈ మాట ముందే చెబుతున్నాను. ఇకమీదట చెప్పేది విని మా అమ్మని పిసినారి అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, కుర్చీలూ బల్లలూ చేసే కార్ఖానాలో వాటికి రంగు వేసేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే అతన్ని పెంచి పెద్దచేసింది అమ్మే. ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు. ఆదివారం కాగితంలో అతని వంతు కూడా కలిపే ఉండేది.

అలాంటివాడు ఒక బుధవారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చాడు. మేం అప్పుడే పళ్ళేల ముందు కూర్చున్నాం. గిన్నెలో ఉన్నది మా ముగ్గురికీ, ఆపైన గురువారానికీ. అమ్మ ఒకసారి గిన్నె వంక, ఒకసారి మేకుల వంక చూసింది.

"తినే వచ్చుంటావు కదరా," అంది.

చెప్పులు విడుస్తున్న మామయ్య ఒక్క క్షణం ఆగి, అవునన్నాడు. మంచినీళ్ళు అడిగి రెండు గ్లాసులు గటగటా తాగాడు. నా బుగ్గ గిల్లి, పనుందంటూ వెళ్ళిపోయాడు. అమ్మ మాకు వడ్డించింది.

సాయంత్రం కింద ఇస్త్రీ చేసే అతను బట్టలివ్వడానికి పైకొచ్చి, మీ తమ్ముడు ఊరెళ్తున్నాడా అని అడిగాడు. పక్కచుట్టనీ, ట్రంకుపెట్టెనీ అతని ఇస్త్రీబల్ల దగ్గర ఉంచి మామయ్య పైకి వచ్చాడట. కాసేపటికే దిగి వాటిని ఎత్తుకుని పోయాడట. అమ్మ బట్టలు అందుకోవడం కూడా మరిచిపోయింది. మర్నాడు పొద్దున్నే కార్ఖానాకి పరుగెత్తింది. అది మూతపడి చాలా రోజులైంది. అద్దె కట్టలేదని అతనుండే గది కూడా ఖాళీ చేయించారు. మామయ్య మా ఇంట్లో ఉందామని వచ్చాడు. ఎక్కడికి పోయాడో చెప్పగలిగినవాళ్ళే లేరు. చాలా నెలలకు వేరే ఊరినుంచి ఫోన్ చేశాడు. పని దొరికిందనీ, దిగులు పెట్టుకోవద్దనీ చెప్పాడు.

అమ్మ ఎనిమిదో మేకు కొట్టింది. దానికి వారం లేదు. దానికి గుచ్చింది గుడ్లూ బంగాళాదుంపలూ కలిపి చేసే కూర కాగితం. అదంటే మామయ్యకి చిన్నప్పటినుంచీ ప్రాణం. కావలసినవన్నీ విడిగా ఒక బుట్టలో ఉండేవి. ఆ బుట్ట మీద చెయ్యి వేస్తే వీపు విమానం మోతే. దానికోసం మా పళ్ళేల్లో తలా ఒక గరిట తగ్గింది. నాకు మహా ఉక్రోషంగా ఉండేది. ఆ మేకు పుణ్యమా అని ఇస్త్రీ అతను తిన్నాడు, మీటరు చూసే ఆవిడ తిన్నది, ఇల్లు తప్పి మా తలుపు తట్టిన పార్సిల్ మనిషి కూడా కడుపునిండా తిన్నాడు. ఎవరినీ తిన్నారా అని అడిగేది కాదు, పళ్ళెం పెట్టేసేది. తిననిది మామయ్య ఒక్కడే.

రాకపోకలు మానలేదు. సంచీనిండా పళ్ళతో వస్తాడు, నవ్విస్తాడు, తినే వచ్చానంటాడు. అతనికి కోపం ఉంటే అమ్మ కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకునేదే. ఆ మొహంలో కోపమన్నదే కనబడదు.

ఇప్పుడు నేనూ సంపాదిస్తున్నాను. ఇంట్లో దేనికీ కొరత లేదు. ఏడు మేకులూ ఖాళీ, ఎనిమిదోది తప్ప. మొన్న వస్తున్నానని మామయ్య ఫోన్ చేస్తే అమ్మ పొద్దున్నే ఆ కూర చేసి కూర్చుంది. వచ్చాడు. తినే వచ్చానక్కా అన్నాడు.

అమ్మ ఇక ఆగలేకపోయింది. "ఆ రోజూ ఇలాగే అన్నావు. ఆకలిగా ఉందని ఒక్క మాట అనుంటే నా పళ్ళెం నీ ముందు పెట్టేదాన్ని కదరా."

మామయ్య చాలా నెమ్మదిగా చెప్పాడు. "ఆ రోజు నేనెక్కడన్నానక్కా. నువ్వే అన్నావు. నేను అవునన్నానంతే."

తర్వాత మంచినీళ్ళు అడిగాడు. నేనే ఇచ్చాను. మిగిలిన కూర మర్నాడు దేనిలో కలపాలో అమ్మకి తెలియకపోవడం ఏనాడూ లేదు. ఆ రోజు మాత్రం గిన్నె మీద మూతపెట్టి, ఆ మూత పట్టుకుని అలాగే నిలబడిపోయింది.